ఆ నలుపు ఎవరిది

థియేటరు ఓనరుకి తండ్రి అంటే ఎంత గౌరవమో, తండ్రి వదిలివెళ్ళిన పోస్టర్లంటే అంత అశ్రద్ధ. కూల్‌డ్రింకు పెట్టెల వెనక, విరిగిన కుర్చీల కింద, బాల్కనీ మెట్ల సందులో ఏళ్ళ తరబడి నలిగిన ఆ నలుపూ తెలుపూ బొమ్మలు, హాలు బాగుచేయించి మళ్ళీ తెరవాలనుకోగానే ఒక్కసారిగా కుటుంబ సంపద అయిపోయాయి. అచ్చుకి వెళ్ళకముందు చేత్తో వేసిన అసలు బొమ్మలవి. జనం లోపలికి రాగానే ఎదురుగా గోడ నిండా అవే కనబడాలని ఆయన పట్టుదల. "మా నాన్న వేసినవి మేడమ్, ఒక్కోటీ ఒక్కో వజ్రం," అంటూ ఆ వజ్రాల కట్టని రెండు చేతులా ఎత్తుకొచ్చి బల్ల మీద ధబేలున పడేశాడు.

ఆ చప్పుడుకి ఎదురుగా కూర్చున్నామె కుర్చీలోంచి సగం లేచిపోయింది. పాడైన కాగితాలు బాగుచేయడం ఆమె పని. చిరిగిన మ్యాపులూ, చెమ్మపట్టిన ఫొటోలూ, చెదలు తిన్న పుస్తకాలూ ఆమె చేతిలో పడి మళ్ళీ మనుషుల్లోకి వచ్చేవి. పుల్లకి దూది చుట్టి, తడిపి, కాగితం మీద అద్దుకుంటూ కూర్చునే ఆమెను చూసి, గేటు దగ్గర టికెట్లు చించే పెద్దమనిషి మొదటిరోజే "డాక్టరమ్మ" అని పేరు పెట్టేశాడు. హాలంతా ఆ పేరే స్థిరపడింది. ఆమెకీ నచ్చింది. ఈ పనిలో తనంతటివాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేరని డాక్టరమ్మకి గట్టి నమ్మకం. ఆ నమ్మకంలో అబద్ధం కూడా లేదు.

బాల్కనీ వెనక గది ఇచ్చారు. గోడంత కిటికీ, పొడవాటి బల్ల, నీళ్ళ కుళాయి. అంతకన్నా ఆమెకేం అక్కర్లేదు. పాత జిగురు నానబెట్టి వదిలించడం, మడతల్లో చీలిన చోట వెనకనుంచి పల్చటి కాగితం అతికించడం, బరువు పెట్టి ఆరబెట్టడం. ఒక్కో బొమ్మా లేచి కూర్చుంటుంటే ఆమెకి పని చేసిన అలుపు తెలియడం లేదు.

కట్ట అడుగున దొరికింది ఆ బొమ్మ. నిలువుగా ఆమె ఎత్తుంది. విప్పగానే చేతిలో పుల్ల పక్కన పెట్టేసింది. షీటు నిండా నలుపే. పైన ఒక పక్కగా ఒక ఆడమనిషి ముఖం, అదీ సగమే. నుదురూ, ముక్కూ, కింది పెదవీ వెలుతురులో ఉన్నాయి. మిగతాది చీకట్లోకి వెళ్ళిపోయింది. బాగా కింద ఒక మగచెయ్యి, వేళ్ళ మధ్య వెలుగుతున్న అగ్గిపుల్ల. అడుగున తెల్లటి అక్షరాల్లో సినిమా పేరు, కుడి మూల ఓనరు తండ్రి సంతకం. అంతే. ఆ చెయ్యి ఎవరిదో, ఆ పుల్ల దీపం వెలిగించడానికో ఇల్లు తగలబెట్టడానికో బొమ్మ చెప్పదు. చెప్పదు కాబట్టే టికెట్టు కొనుక్కుని లోపలికెళ్ళి తెలుసుకోవాలనిపిస్తుంది.

రంగుల పోస్టర్లు ఆమె చాలానే బాగుచేసింది. వాటిలో ఎర్రచీర ఒకవైపు లాగుతుంది, పచ్చకారు ఇంకోవైపు లాగుతుంది, నీలాకాశం పైనుంచి కేకేస్తుంది. చూసేవాడికి ఊపిరాడదు. ఇక్కడ పిలిచేది ఆ సగం ముఖం ఒక్కటే. మిగతా షీటంతా నోరు మూసుకుని దానికి దారి ఇచ్చింది. "అబ్బ, ఏం ధైర్యమయ్యా నీది!" అని ఓనరు తండ్రిని తలుచుకుని పైకే అనేసింది. బొమ్మకి వచ్చిన జబ్బల్లా ఒకటే. ఆ నలుపు అక్కడక్కడా పెచ్చులు లేస్తోంది.

పెచ్చులు ఎంతమేర లేచాయో చూడ్డానికి మర్నాడు కిటికీ మూసి, దీపాన్ని బల్ల అంచున పక్కకి తిప్పి పెట్టింది. వెలుతురు అలా అడ్డంగా పడితే కాగితం మీద ప్రతి గీతకీ నీడ వస్తుంది. ఎదురు వెలుతురులో దాక్కున్నవన్నీ బయటపడతాయి. పెచ్చులు కనబడ్డాయి. వాటితోపాటు, ఏమీ లేని నలుపు మధ్యలో ఒక కనుబొమ్మ కనబడింది.

డాక్టరమ్మ భూతద్దం తీసింది. కనుబొమ్మ కింద కన్ను. కన్ను పక్కన ముక్కు, దాని నడిమిన చిన్న బొడిపె. నవ్వుతున్న నోరు. ఇంకా కిందికి జరిగితే ఒక మీసాల మనిషి, అతని వెనక ఇంకో తల. దట్టంగా పూసిన తెల్లరంగు తాలూకు గట్లు అవన్నీ. వాటి మీద నలుపు పరిచేశారు. లేచిన ఒక పెచ్చుని పట్టకారుతో మెల్లిగా ఎత్తి చూస్తే అడుగున మెరుస్తూ వార్నిష్. వార్నిష్ పూశారంటే పని పూర్తయింది, ఇక బ్రష్షు పెట్టేది లేదని తాళం వేసినట్టే. ఆ తాళం వేశాక ఎవరో వచ్చి నలుపు పులిమారు. అదీ నీళ్ళరంగు. వార్నిష్ మీద నీళ్ళరంగు నిలవదని బొమ్మలేసే పిల్లలకి కూడా తెలుసు. అంచేత ఇది బొమ్మ కోసం ఆలోచించి చేసిన పని కాదు, కోపంతో చేసిన పని అని ఆమె తేల్చేసుకుంది. సగం ముఖం పక్కన నలుపు అంచు మాత్రం ఎక్కడా తడబడకుండా, పైనుంచి కిందిదాకా ఒకే ఊపులో దిగింది. అది ఆమె చూసింది. చూసి, ఆ సంగతి తర్వాత ఆలోచించుకోవచ్చని పక్కన పెట్టింది.

ఓనరు మేనత్త హాలు పైభాగంలోని గదుల్లో ఉండేది. బాగా పెద్దావిడ. నడుం వంగలేదు, నోరు అంతకన్నా వంగలేదు. హాల్లో అందరికీ ఆమె అత్తమ్మే. రోజూ టీ వేళకి గ్లాసు పట్టుకుని దిగివచ్చి, బల్ల దగ్గరికి రాకుండా గుమ్మంలోనే నిలబడి కళ్ళు చిట్లించి చూసేది.

"ఏమ్మాయ్, బతికేలా ఉందా నీ పేషెంటు?"

"బతికించే పంపిస్తానండీ. లోపలికి రండి, దగ్గర్నుంచి చూద్దురుగాని."

"దగ్గర్నుంచి చూసేవి కావులే ఇవి," అని టీ ఊదుకుంటూ వెనక్కి తిరిగింది మేనత్త.

తిరిగేటప్పుడు ఆవిడ ముఖం మీద కిటికీ వెలుతురు పక్కనుంచి పడింది. డాక్టరమ్మ చేతిలో భూతద్దం అలాగే ఉండిపోయింది. ముక్కు నడిమిన చిన్న బొడిపె. అదే ముక్కు.

గేటు పెద్దమనిషిని కదిపితే చాలు, ఆగడు. "అత్తమ్మ సంగతి మీకెవరూ చెప్పలేదా డాక్టరమ్మా? చిన్నప్పుడు సినిమాలో వేషం వేసింది. అవును, ఆవిడే! స్టూడియోకి తెగ తిరిగేదట. అన్నగారికి తెలిసి ఇల్లు కదలనివ్వలేదు. నేను చూశానని కాదు, విన్నాను. నేనప్పుడు ఇంకా ఇక్కడ చేరలేదు. కానీ నిప్పులాంటి నిజం."

ఇంకేముంది, లెక్క సరిపోయింది. చెల్లెలు సినిమాలో వేసింది, పోస్టరు మీదికి ఎక్కింది. పరువు పోయిందని అన్న బ్రష్షు తీసుకుని ఆ ముఖం మీద చీకటి పూసేశాడు. ఇన్నాళ్ళూ ఆ చీకటిని చూసి లోకం ఆహా ఓహో అంది. నిన్న తనూ అంది! ఆ తలంపుకి డాక్టరమ్మకి చెంపలు మండాయి. పాపం, పెద్దావిడ బొమ్మ దగ్గరికి రాకుండా గుమ్మంలో నిలబడేది ఇందుకన్నమాట. ఆవిడ మీద జాలితో, చచ్చిపోయిన ఆ అన్న మీద కోపంతో ఆ పూట టీ కూడా తాగలేకపోయింది.

సంగతి విన్న ఓనరు ఎర్రబడ్డాడు. "మా నాన్న అలాంటివాడు కాదు మేడమ్. అత్తని ఇంట్లో పెట్టుకుని కడదాకా చూసుకున్నాడు."

"చూసుకున్నారు, కాదనలేదు. ముఖం మాత్రం చెరిపేశారు. ఇదిగో, మీరే చూడండి."

అడ్డంగా పడిన వెలుతురులో ఓనరు వంగి చూశాడు. ముక్కు దగ్గర ఆగాడు. ఆయన గొంతులో ఉన్న కోపం కాస్తా నీరుగారిపోయింది. కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇప్పుడేం చెయ్యాలంటారు?" అన్నాడు.

"నలుపు తీసేద్దాం. తడిదూదికే వస్తుంది, అడుగున వార్నిష్ ఉంది కాబట్టి ముఖానికేం కాదు. ఆవిడ ముఖం ఆవిడకి ఇచ్చేద్దాం."

"తీస్తే మళ్ళీ వెయ్యడం..."

"కుదరదు. తీస్తే తీసినట్టే."

ఓనరు చాలాసేపు గడ్డం నిమురుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. తండ్రిని తక్కువ చేయడం ఇష్టం లేదు, మేనత్తకి అన్యాయం జరిగితే ఊరుకోవడమూ ఇష్టం లేదు. దానికితోడు వ్యాపారం చేసే బుర్ర. "పేపరువాళ్ళకి చెబితే మంచి వార్తే అవుతుంది," అని గొణిగి, వెంటనే సిగ్గుపడి, "అత్తని ముందు కూర్చోబెట్టి తుడుద్దాం మేడమ్. ముందుగా మాత్రం చెప్పొద్దు. చెబితే వద్దంటుంది, పాత గాయం కదా," అన్నాడు. ఆ మాట డాక్టరమ్మకీ సబబుగానే తోచింది.

రెండురోజులు ఆమె తయారీలోనే గడిపింది. సగం ముఖానికీ, అగ్గిపుల్ల చేతికీ తడి తగలకుండా చుట్టూ మైనం కాగితం పరిచింది. దూది పుల్లలు వరసగా చుట్టిపెట్టుకుంది. పని మధ్యలో తలెత్తినప్పుడల్లా ఆ నలుపు కంటపడేది. పడినప్పుడల్లా, ఇది పోయాక బొమ్మ ఎలా ఉంటుందోనని మనసు ఒక్క క్షణం వెనక్కి లాగేది. నలుగురు మనుషులు, నాలుగు ముఖాలు, మామూలు పోస్టరు. అయితే ఏం? అందం కోసం మనిషిని పాతేస్తారా? అని తనని తనే గదమాయించుకుని మళ్ళీ పనిలో పడేది. న్యాయం తనవైపుందని తెలిశాక ఆమెకి చెయ్యి వణకదు.

తెరవడానికి ముందురోజు ఉదయం ఓనరు మేనత్తని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన కొత్తచొక్కా వేసుకున్నాడు. గేటు పెద్దమనిషి పని ఉన్నట్టు చీపురొకటి పట్టుకుని వెనకే వచ్చాడు. బొమ్మని బల్ల మీద ఏటవాలుగా నిలబెట్టారు. కుర్చీ ముందుకి జరిపితే మేనత్త దాన్ని మళ్ళీ గుమ్మం దాకా వెనక్కి జరిపించుకుని కూర్చుంది.

"ఏమిటీ ఆర్భాటం? పెళ్ళిచూపులా?" అంది.

"చూస్తూ ఉండండి," అంది డాక్టరమ్మ. దూది తడిపి, పిండి, నలుపు మధ్యలో, ఆ నవ్వుతున్న నోటికి కాస్త పైన అద్దింది. దూది నల్లబడింది. ఇంకో పుల్ల. ఇంకోటి. నలుపు కరిగి, అరచేయంత మేర తెల్లటి చెంప బయటికొచ్చింది.

"చెయ్యి తియ్యి!"

గది అదిరిపడింది. గేటు పెద్దమనిషి చీపురు జారవిడిచాడు. మేనత్త ఎప్పుడు లేచిందో, ఎప్పుడు బల్ల దగ్గరికొచ్చిందో ఎవరికీ తెలియలేదు. డాక్టరమ్మ మణికట్టు ఆవిడ గుప్పిట్లో ఉంది.

"ఏం చేస్తున్నావు నువ్వు? బాగుచేయడానికి వచ్చావా, చెడగొట్టడానికి వచ్చావా?"

"మీ ముఖమండీ," అంది డాక్టరమ్మ, కళ్ళలో నీళ్ళతో. "దీనికింద మీ ముఖం ఉంది. మీ అన్నగారు చెరిపేసిన ముఖం. దాన్ని మీకు..."

"మా అన్న చెరిపాడా? వాడికంత దమ్ముందా?" మేనత్త ఆమె చెయ్యి వదిలేసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఆ నలుపు వేసింది నేనమ్మాయ్. కింద ఉన్న ముఖమూ నేను వేసిందే. మొత్తం బొమ్మే నాది."

ఓనరు కొత్తచొక్కా కాలరు సవరించుకున్నాడు.

"రెండో హీరోయిన్ ఫొటోలు స్టూడియోవాళ్ళు పంపలేదు," అంది మేనత్త ఓనరువైపు తిరిగి. "అవతల ప్రెస్సువాడు తొందర పెడుతున్నాడు. ఏం చెయ్యను? అద్దం ముందు కూర్చుని నా మొహమే వేశాను. ఆవిడ నవ్వు, నా ముక్కు. మీ నాన్న మురిసిపోయి వెంటనే వార్నిష్ కొట్టేశాడు. తీసుకెళ్ళి గోడకి ఆనించి, రోడ్డు అవతలికెళ్ళి నిలబడి చూశాను. ఛీ! క్రిక్కిరిసిన బస్సులో కిటికీల్లోంచి తొంగిచూస్తున్నట్టున్నారు అందరూ. ఎవరినీ చూడబుద్ధి కాలేదు. పోస్టరు ఎవడు దగ్గరికొచ్చి చూస్తాడు? నడిచిపోయేవాడు చూడాలి, సైకిల్ మీద పోయేవాడు చూడాలి. రోడ్డు అవతలికి కనబడనిది కాగితానికి దండగ. లోపలికి తెచ్చి, ఒక ముఖం ఉంచి, ఒక చెయ్యి ఉంచి, మిగతాదంతా నలుపు కొట్టేశాను. మీ నాన్న నెత్తి బాదుకున్నాడు. హీరో మొహం తీసేశావే, కొంపలు మునిగాయి, అన్నాడు. గోడ మీదికి ఎక్కాక జనం ఆగి ఆగి చూస్తుంటే అప్పుడు నోరు మూశాడు."

"కానీ వార్నిష్ మీద నీళ్ళరంగు..." డాక్టరమ్మ లేచిన పెచ్చు ఒకటి చూపించింది. "అది నిలవదు కదండీ."

"ఎందుకు నిలవదు? ముందు వార్నిష్ మీద ఉల్లిపాయ కోసి రుద్దితే నిలుస్తుంది. ఇన్నేళ్ళు నిలవలేదా? నీ దూదికి తప్ప దేనికి లొంగింది?"

డాక్టరమ్మ బొమ్మవైపు తిరిగింది. ఇన్నాళ్ళూ పక్కన పెట్టిన ఆ అంచు, ఒకే ఊపులో దిగిన ఆ అంచు ఎదురుగానే ఉంది. కోపంతో పులిమిన చెయ్యి అలా దిగదు. అది ఆమెకి తెలియక కాదు. తెలిసీ, జాలిపడ్డం బాగుందని చూడ్డం మానేసింది. పక్కన అరచేయంత మేర బయటపడ్డ తెల్లచెంప ఇప్పుడు బొమ్మనంతా తనవైపే లాక్కుంటోంది. పైన సగం ముఖం అసలు కనబడ్డమే మానేసింది. ఇంకో గంట ఆగితే తన చేత్తోనే మొత్తం తుడిచేసి ఉండేది, అదీ న్యాయం పేరుతో.

"మరి మీరు సినిమాలో వేశారని..." అని నసిగింది.

"వేషమా? నేనా?" మేనత్త పగలబడి నవ్వింది. "ఫొటోల కోసం స్టూడియో చుట్టూ తిరిగేదాన్ని. చూసినవాళ్ళు వేషాల కోసమనుకున్నారు. ఆడపిల్ల బొమ్మల కోసం తిరుగుతుందని ఎవరికి తోస్తుంది?"

గేటు పెద్దమనిషి వంగి, చాలా శ్రద్ధగా చీపురు ఏరుకున్నాడు.

"అత్తా," అన్నాడు ఓనరు. "నువ్వెప్పుడూ చెప్పలేదే?"

"అడిగితే చెప్పేదాన్ని. ఎవరడిగారు? నన్ను కూర్చోబెట్టి నా బొమ్మ తుడిచేదాకా వచ్చారు, అప్పుడైనా ఒక్కరు అడిగారా?"

తల ముందుగా దించుకున్నది డాక్టరమ్మే. మేనత్త అది చూసి, గొంతు కాస్త తగ్గించి, "సర్లే. నువ్వు నా కోసమే ఏడ్చావు, ఏడవడానికి కూడా ఇన్నాళ్ళూ ఎవరూ లేరు. ఉల్లిపాయ తెప్పించు," అంది.

ఉల్లిపాయ వచ్చింది. కోసిన చెక్కతో బయటపడ్డ చెంపని మేనత్త గట్టిగా రుద్దింది. బంకలో నలుపు కలపడం డాక్టరమ్మ వంతు. కలిపి చూపిస్తే మేనత్త పెదవి విరిచింది. "ఇది బూడిద. ఇంకా వెయ్యి. ఇంకా. నలుపంటే భయపడకూడదమ్మాయ్. చూసేవాడికి అందులో ఏదో ఉందనిపించాలి." డాక్టరమ్మ ఇంకా వేసింది. ఆవిడ చెప్పినచోట, చెప్పినంత, బ్రష్షు ఎత్తకుండా దించింది. తెల్లచెంప మూసుకుపోయింది. పైన సగం ముఖం మళ్ళీ వెలిగింది. ఓనరు కళ్ళు తుడుచుకున్నాడు. గది నిండా ఉల్లి ఘాటు ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు.

"నాన్న ఏం వెయ్యలేదా అయితే?" అన్నాడు కాసేపటికి, చిన్నపిల్లాడిలా.

మేనత్త గుమ్మంలోకి వెళ్ళి, గోడకి ఆనించిన బొమ్మలన్నిటినీ అక్కణ్ణుంచి ఓసారి పరికించింది. "అవన్నీ నావి. ఆ మూల రెండూ వాడివి. చూడు, నలుపు వెయ్యాలంటే ఎంత దడిశాడో. కానీ అక్షరాలు ఉన్నాయే, అన్నిటి మీదా అవి వాడివే. అలాంటి అక్షరాలు నాకు చచ్చినా రావు. అది ఒప్పుకోవాలి." తర్వాత బల్ల దగ్గరికొచ్చి చెయ్యి చాచింది. "ఏదీ, ఆ బ్రష్షు ఇటివ్వు."

డాక్టరమ్మ ఇచ్చింది. పాత బొమ్మ మీద ఇంకొకరి చేత కొత్తరంగు పెట్టించడం ఆమె వృత్తిలో పెద్ద తప్పు. ఆ సంగతి గుర్తుండే ఇచ్చింది.

బొమ్మకి అడుగున, కుడి మూల, తెల్లరంగుతో మెలికలు తిరిగిన ఆ సంతకం ఉంది. మేనత్త వంగి, "ఇది వాడు అచ్చుకి పంపేముందు పెట్టాడు. చెల్లెలి సంతకం గోడల మీద ఏం బాగుంటుందన్నాడు. పేరు సంగతి సరే, పోనీలే అనుకున్నాను. కానీ ముఖం చూద్దామంటే కన్ను దీని మీదికి జారిపోతుంది. అప్పట్నుంచీ ప్రాణం తోడేస్తోంది," అంది. ఓనరు నోరు తెరిచాడు. మళ్ళీ తనే మూసుకున్నాడు. బ్రష్షు ఒక్కసారి అటునుంచి ఇటు పోయింది. సంతకం లేదు. డాక్టరమ్మ గుమ్మందాకా వెనక్కి నడిచి చూసింది. నిజమే. ఇప్పుడు కన్ను ఎక్కడికీ జారడం లేదు.

"మీ సంతకం పెట్టండి మరి," అంది.

"ఎందుకు, మళ్ళీ అక్కడో మచ్చ చెయ్యడానికా? పేర్లు గోడ మీద రాయించండి, బొమ్మ మీద కాదు."

ఓనరు ఫోను తీశాడు. కింద ప్రవేశం దగ్గర గోడ మీద తెల్లరంగుతో అక్షరాలు రాసే పెయింటరు పనిలో ఉన్నాడు. అతనికి మెసేజ్ పెట్టాలి. బొమ్మలు ఫలానావారివి, అక్షరాలు ఫలానావారివి అని మొదలుపెట్టాడు. బొటనవేలు ఆగిపోయింది. పుట్టినప్పటినుంచీ ఆయనకి అత్త. పనివాళ్ళకి అత్తమ్మ. తండ్రి చిట్టీ అని పిలిచేవాడు. చిట్టి అని గోడ మీద రాయించలేడు కదా.

డాక్టరమ్మవైపు చూశాడు, ఆమెకేం తెలుస్తుంది? గేటు పెద్దమనిషివైపు చూశాడు. అన్నీ తెలిసిన ఆ మనిషి కూడా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"అత్తా," అన్నాడు ఓనరు ఫోను దించి. "నీ అసలు పేరేమిటి?"

మేనత్త బ్రష్షుని నీళ్ళలో ముంచి, కడిగి, కొసని వేళ్ళతో సన్నగా దువ్వి, బల్ల మీద పెట్టింది. అప్పుడు తన పేరు చెప్పింది. ఇంటిపేరుతో సహా, తప్పు పోకుండా ఒక్కో అక్షరం విడదీసి చెప్పింది. ఆయన రాసుకోవడం అయిందాకా ఆగి, ఫోనులోకి తొంగిచూసి సరిచూసుకుంది.

"పెద్దగా రాయమను," అంది. "రోడ్డు అవతలికి కనబడాలి."